మొక్కుకాయ

ఆ ఏడు తమిళుల ఆడి నెల దగ్గరపడేకొద్దీ రత్నసభాపతికి తన కుడిచెయ్యి అంటేనే భయం పట్టుకుంది. నలుగురూ కళ్ళకద్దుకునే చెయ్యి అది. పెరియకుళం దాటాక, కొండ మొదట్లో, మామిడితోటల మధ్య వాళ్ళ వంశానికి కులదేవత మల్లమ్మ గుడి ఉంది. ఏటా ఆడి నెలలో ఒక ఆదివారం కోయంబత్తూరు నుంచీ మదురై నుంచీ వ్యాన్లు మాట్లాడుకుని వంశమంతా అక్కడ దిగుతుంది. మొక్కున్నవాళ్ళు తడిబట్టలతో గుడిముందు వరసగా మోకాళ్ళమీద కూర్చుంటారు. పూజారి ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పీచు ఒలిచిన కొబ్బరికాయ ఎత్తి, నడినెత్తిన కొట్టి పగలగొడతాడు. ఆ పని రత్నసభాపతి ఇంటివాళ్ళది. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు ఆయన చేస్తున్నాడు. తక్కిన రోజులన్నీ అవినాశిలో బనియన్ గుడ్డ కత్తిరించి ఇచ్చే చిన్న యూనిట్ నడుపుకునే మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం సాక్షాత్తూ అమ్మవారి చెయ్యి.

విని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఏసీ షోరూములున్న పెద్దమనుషులు కూడా ఆ రోజు చొక్కా విప్పి ఆయన ముందు తల వంచేవాళ్ళు. ఏడాదిలో వాళ్ళు తల వంచేది ఆ ఒక్కసారే కాబట్టి, కాస్త గట్టిగా కొడితే మాత్రం పాపమేముందని రత్నసభాపతి భార్యతో నవ్వుతూ అనేవాడు.

ఆయన చేతివాటం మీద వంశానికి గురి. బరువు తలమీద దిగేలోపే కాయ విచ్చుకోవాలి, అందులోనే ఉంది పనితనమంతా. రక్తం వచ్చినవాళ్ళు లేకపోలేదు. పసుపూ విభూతీ అద్దితే ఆగిపోయేది. "తల కదిలిస్తివి, అందుకే" అని వాళ్ళనే కసిరేవాడు. తన చేతిలో ఇన్నేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదని ఆయన నమ్మకం. ఎందుకు నమ్మడు? కొట్టించుకున్నవాళ్ళు పొంగలి తిని వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటికెళ్ళాక ఎవరికి ఎన్నాళ్ళు తలనొప్పి వచ్చిందో, ఎవరికి ఎలా ఉందో ఆయన ఏనాడూ అడగలేదు.

ఈసారి ఆ వరసలో కూర్చోబోయేది సొంత కొడుకు.

కొడుకు నవనీతకృష్ణన్ కబడ్డీ ఆటగాడు. ఊరంతా నవనీ అని పిలిచేది. కోర్టులో ఎడమ మూల వాడిది. కూతకొచ్చినవాడి మడమ అందిందంటే ఇక ఉడుంపట్టే. పట్టడమంటే ఊరికే కాదు, తల ముందుకు పెట్టి దూకాలి. దూకిన ప్రతిసారీ అవతలివాడి మోకాలు వీడి కణతకో నుదుటికో తగిలేది. పడేవాడు, తల విదిలించుకునేవాడు, ఒక గుక్క సోడా తాగి మళ్ళీ దిగేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు. అందరికన్నా పెద్ద ఈల రత్నసభాపతిది. "వాని తల మల్లమ్మ ఇచ్చిన తల, ఇనుము!" అని పక్కవాళ్ళతో గొప్పలు పోయేవాడు. ఒక పోటీలో వాడు స్పృహ తప్పి చాలాసేపు లేవలేదు. మొహాన నీళ్ళు చల్లితే లేచి, ఏ జట్టు తనదో పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, ఆ ఆటే ఆడి గెలిపించాడు. ఆ మాట చెప్పుకుని ఇంట్లో ఎన్నాళ్ళు నవ్వుకున్నారో లెక్కలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే రత్నసభాపతి లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు.

ముప్పై దాటాక ఆట మానేశాడు. ఆటగాళ్ళ కోటాలో మంచి ఉద్యోగం అప్పటికే వచ్చి ఉంది. ఇస్కూల్లో లెక్కలు చెప్పే చారులతతో పెళ్ళయింది, ఇందుజ పుట్టింది. ఇక చీకూ చింతా లేదనుకునే వేళకు మొదలయింది.

మొదట అడిగిందే అడగడం. ఆ తర్వాత కోపం. కోర్టులో తప్ప ఎవరిమీదా చెయ్యి వెయ్యనివాడు, చారులో ఉప్పు తక్కువయిందని కంచం గోడకు కొట్టాడు. ఒకరోజు ఆఫీసులో పై అధికారి ఏదో ఫైలు అడిగాడట. తన కుర్చీలోనే కూర్చుని ఉద్యోగానికి రాజీనామా రాసి ఇచ్చి, దార్లో మైసూర్‌పాకు కొనుక్కుని వచ్చి ఇంటిల్లిపాదికీ పంచాడు. "ఏమిరా విశేషం?" అని తల్లి అడిగితే, "ఒణ్ణుం లేదుమా, తినాలనిపించె" అన్నాడు. రాజీనామా సంగతి మర్నాడు ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు.

అప్పటికీ రత్నసభాపతి దాన్ని పొగరు అనే అనుకున్నాడు. పేరు వచ్చిన మనిషి, ఒకడి కింద పని చేయడం పడలేదు, సర్దుకుంటాడులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పెట్రోలు బంకు సంగతితో ఆ సర్దుబాటు కాస్తా పోయింది. ఇందుజను బండిమీద ఎక్కించుకుని నవనీ బయటికి వెళ్ళాడు. బంకులో పిల్లను దించి పెట్రోలు పోయించుకుని, పిల్లను అక్కడే వదిలేసి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. బంకువాళ్ళు ఇందుజ మెళ్ళో ఉన్న బడికార్డు చూసి చారులతకు ఫోన్ చేశారు. ఆమె ఏడుస్తూ పిల్లను చంకనేసుకుని వస్తే, నవనీ తలెత్తి, "ఎక్కడికి పోయినారు ఇద్దురూ, నాకు చెప్పకుండా?" అని ఆమె మీదే విరుచుకుపడ్డాడు.

ఆ సాయంత్రమే తల్లి పొన్నమ్మాళ్ దీపం వెలిగించి, అందరూ వింటుండగా మొక్కింది. "తల్లీ మల్లమ్మా, నా బిడ్డ తల సరిచెయ్యి. ఆడి నెలలో ఆ తలమీదనే నీకు టెంకాయ కొట్టిస్తాను."

కాలు నొప్పికి వెండి కాలు, కన్ను బాగయితే వెండి కన్ను సమర్పించే కుటుంబం. తల జబ్బుకు తలమీద మొక్కు. పొన్నమ్మాళ్‌కు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజం చెప్పుకోవాలంటే రత్నసభాపతికీ కనిపించలేదు. "మంచి వేండుదలే" అని ఆ మొక్కుకు తలూపాడు కూడా. నవనీ తల్లి పక్కకొచ్చి చంటిపిల్లాడిలా ఆమె భుజానికి తల ఆనించి, "నాకోసరమామా?" అన్నాడు.

చారులత మాత్రం దీపం దగ్గర ఆగలేదు. కోయంబత్తూరులో మెదడు, నరాల డాక్టరమ్మ దగ్గర పేరు రాయించి మగణ్ణి తీసుకెళ్ళింది. రత్నసభాపతి వెంట వెళ్ళాడు. స్కాన్లు అయ్యాయి, నవనీని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ వీళ్ళిద్దరినీ లోపలికి పిలిచింది.

"మళ్ళీ మళ్ళీ తలకు దెబ్బలు తిన్న ఆటగాళ్ళలో కొందరికి ఏళ్ళు గడిచాక ఇలా వస్తుంది. ఇదే అని నేను ఖాయంగా చెప్పలేను. స్కానులో అంతా కనపడదు. కానీ కోపం, మతిమరుపు, ఏది మంచో ఏది ప్రమాదమో ఎంచుకోలేకపోవడం, ఇవన్నీ చూస్తుంటే నాకు అనుమానంగానే ఉంది" అంది.

"వాని బుర్రలో ఎముక ఒగటైనా విరగలేదు గదమ్మా?" అన్నాడు రత్నసభాపతి.

"ఎముక సంగతి కాదండీ. కొబ్బరికాయ కిందపడినా ఒక్కోసారి పగలదు. పగల్లేదని లోపల నీళ్ళు కదలకుండా ఉంటాయా?"

ఆమె ఎవరితో ఏం మాట్లాడుతోందో ఆమెకు తెలిసే అవకాశం లేదు. రత్నసభాపతి కుడిచెయ్యి తీసి తువ్వాలు కింద దాచుకున్నాడు. మందులు రాస్తూ ఆమె మరో మాట అంది. "ఇవి కోపాన్ని కాస్త తగ్గిస్తాయి, నిద్ర పట్టిస్తాయి. పోయింది తెచ్చివ్వవు. ఇకమీద ఆ తలకు చిన్న దెబ్బ కూడా తగలకుండా చూసుకోండి."

బయటికొచ్చాక మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే.

ఇంటికొచ్చి చారులత తెగించి చెప్పేసింది. "మామా, ఈసారి మనము గుడికి పోవొద్దు. మీరు ఒంట్లో బాగలేదని చెప్పేయండి."

పొన్నమ్మాళ్ గుండె బాదుకుంది. "చెప్పిన మాట తప్పితే సామి కుత్తం, అపచారం అవుతుంది తాయీ! ఇప్పుడే ఇట్లుండాడు. మాట తప్పి, వానికి ఇంకేమన్నా ఆయెనంటే నేను బతుకుతానా? వేండింది నేను. నా తలమీద కొట్టండి."

అది మంచి ఆలోచనే అనిపించి రత్నసభాపతి మదురైలో ఉన్న వంశం పెద్ద, వరసకు అన్న అయిన పళనిసామికి ఫోన్ చేశాడు. పళనిసామి మంచివాడే, కాకపోతే మంచి మాట ఎప్పుడు చెప్పాలో తెలియనివాడు. "ఏ తలకు వేండితే ఆ తలే తమ్ముడూ. మార్చేదానికి ఇదేమి బస్సులో సీటా? అయినా నీ చేతిలో ఏమి భయము? నీ బిడ్డను నువ్వే కొట్టేది, పూవు పెట్టినట్ల కొట్టు" అన్నాడు.

వీళ్ళందరినీ ఒప్పించినా నవనీ ఒప్పుకునేవాడు కాదు. పొద్దున తిన్నది సాయంత్రానికి మరిచిపోయేవాడు గానీ ఆ మొక్కు మాత్రం వాడి బుర్రలో పాతుకుపోయింది. పోవొద్దన్న మాట వాడి చెవిన పడ్డ రోజు బీరువా అద్దం పగిలింది. "అమ్మ నాకోసరం వేండినాది. మీరంతా చేరి అబద్ధం చేస్తారా? ఎన్ని మోకాళ్ళు తిన్న తల ఇది! టెంకాయకు భయపడతాదా? మీరు రాకపోతే బండి ఎక్కి నేనే పోతాను" అని అరిచాడు. ఇందుజ వంటింట్లో నానమ్మ కొంగులో దూరింది.

వాడు బండెక్కి ఘాట్ దారిన పెరియకుళం పోవడం కన్నా తామే తీసుకుపోవడం నయం. అది చారులతే అంది, ఏడుస్తూ. తీసుకుపోతే వరసలో కూర్చుంటాడు. వాణ్ణి దాటేస్తే నలుగురిలో రభస చేసి ఇంకొకడి చేత కొట్టించుకుంటాడు. ఎటు తిప్పి చూసినా ఆ తలమీద కాయ పడక తప్పేలా లేదు. రత్నసభాపతికి అన్నం సయించడం మానేసింది. వంశానికంతా ధైర్యం చెప్పే మనిషికి ధైర్యం చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

చివరికి ఆయన పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని ఒకటి చేశాడు. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం, నవనీ మాత్ర వేసుకుని పడుకున్నాక, యూనిట్ నుంచి ఇనుము కోసే బ్లేడు తెచ్చి, పెరట్లో పీట వేసుకుని ఒక కొబ్బరికాయ పెంకును చుట్టూ కోయడం మొదలుపెట్టాడు. లోతెక్కువైతే నీళ్ళు కారిపోతాయి. తక్కువైతే దెబ్బ కావాల్సి వస్తుంది. రెండు కాయలు పాడయ్యాయి. మూడోది కుదిరింది. చేతిలో కాస్త గట్టిగా నొక్కితే చాలు విచ్చుకునేలా ఉంది. కోత కనపడకుండా దాన్ని ఎలా దాచాలా అని తలెత్తేసరికి గుమ్మంలో పొన్నమ్మాళ్ నిలబడి ఉంది.

అమ్మవారిని మోసం చేస్తున్నాడు. పూజారి అయ్యుండి చేస్తున్నాడు. ఆమె ఏమన్నా పడదామనే కూర్చున్నాడు.

పొన్నమ్మాళ్ కాయనూ బ్లేడునూ చూసింది. లోపలికి వెళ్ళి పసుపు చిక్కగా కలుపుకొచ్చి, కాయ ఆయన చేతిలోంచి తీసుకుని, కోత పూడిపోయేలా వేలితో మెత్తింది. మెత్తుతూ, "తల్లీ, పాపమంతా నాకు రానీ" అంది. "నాకూ సగం రానీలే" అన్నాడాయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి చేసిన దొంగతనం అదొక్కటే.

ఆదివారం గుడిముందు ఉరుమి డప్పులు మోగుతున్నాయి. వరసలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ తడిబట్టలతో తలలు వంచి కూర్చున్నారు. నవనీ మధ్యలో ఉన్నాడు, మొహం వెలిగిపోతూ. ఎన్నాళ్ళకో ఆట ముందున్న కళ వచ్చింది వాడికి. వరస వెనకాల చారులత ఇందుజను ఎత్తుకుని, ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడింది. నిజానికి తీయడానికి కాదు, చేతులకు ఏదో ఒక పని ఉండాలని.

రత్నసభాపతి ఒక్కొక్కరికీ కొట్టుకుంటూ వచ్చాడు. ఈసారి ఒక్కొక్క దెబ్బకూ డాక్టరమ్మ మాట వినిపించింది. కొట్టకుండా ఉండలేడు, కొట్టి నిలవలేడు. నవనీ ముందుకు వచ్చేసరికి గంపలో విడిగా గుడ్డ చుట్టి పెట్టుకున్న కాయ తీశాడు. చెయ్యి పైకెత్తాడు, గట్టిగానే దించాడు, చివరి క్షణంలో బిగబట్టి వేళ్ళతో నొక్కాడు. కాయ రెండు చిప్పలై విచ్చుకుంది. నవనీ తలకు తగిలింది నీళ్ళు మాత్రమే.

"మల్లమ్మా!" అని వంశమంతా ఎలుగెత్తింది. పళనిసామి, "చూస్తివా, పూవు పెట్టినట్లే!" అన్నాడు. చారులత పిల్ల భుజంలో మొహం దాచుకుంది. పొన్నమ్మాళ్ గుడివైపు తిరిగి నేలమీద సాగిలపడింది. నవనీ లేచి, నెత్తిమీది నీళ్ళు తుడుచుకుంటూ నవ్వి పక్కకు వెళ్ళాడు. రత్నసభాపతి ఆ చిప్పలను మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు. కొడుకును గండం గట్టెక్కించాననుకున్నాడు. ఆ ఒక్క దెబ్బా తప్పిస్తే చాలు, ఇక మందులతో మెల్లగా దారిన పడతాడు. మిగతావాళ్ళకు కొడుతున్నంతసేపూ ఆయన మనసు ఆ మాటే అనుకుంటూ ఉంది.

వరస చివరికి వచ్చాడు. ఆఖరున నవనీ మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు.

"కొట్టు నాయినా" అన్నాడు, తల వంచి.

రత్నసభాపతికి మొదట అర్థం కాలేదు. "నీకు అయిపోయె గదరా? ఇందాకే కొడితిని."

"ఎప్పుడు కొట్టినావు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవనీ మెడనరాలు బిగుసుకున్నాయి. ఇంట్లో బీరువా అద్దం పగలక ముందు కూడా అట్లాగే బిగుసుకున్నాయి. "అందరికీ కొట్టి నన్ను ఒదిలేస్తావా? డాక్టర్ చెప్పె, ఈయమ్మ చెప్పె అని ఏమారుస్తుండావు గదా? అమ్మ మాట ఏమి కావాల?"

చారులత పరుగున వచ్చి ఫోన్ వాడి కళ్ళముందు పెట్టింది. "చూడండి, మీకే. ఇదిగో మామ కొడుతుండారు, చూడండి." నవనీ ఆ వీడియో చివరిదాకా చూశాడు. చూసి, ఎవరో తెలియనివాళ్ళ పెళ్ళిఫొటో తిరిగి ఇచ్చినట్టు ఫోన్ వెనక్కి ఇచ్చేశాడు. "అది పోయిన ఏడుది" అన్నాడు. పోయిన ఏడు వాడు గుడికే రాలేదు.

గంపలో మిగిలినవన్నీ కొయ్యని కాయలే. రత్నసభాపతి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు గానీ, ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలియలేదు. కొడుకు తల కిందికి వంగి ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది, పసుపు చారలు కట్టి ఉంది. ఎడమ కణత మీద పాత కుట్ల మచ్చలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తున్నాయి.

ఆయన కాయ కింద పెట్టేశాడు. ఖాళీ చేతిని ఆ తడి జుట్టుమీద మెల్లగా ఆనించి తీశాడు.

"అయిపోయెరా కన్నూ. లెయ్యి."

నవనీ తలెత్తాడు. మొహంలో కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "అయిపోయెనా?" అన్నాడు ఆశ్చర్యంగా. నెత్తి తడుముకున్నాడు. తడి తగిలింది. నవ్వాడు. "నీ చెయ్యే చెయ్యి నాయినా! తెలియనే లేదు."

లేచి వెళ్ళిపోయాడు. నమ్మేశాడు, అంతే. ఇన్నాళ్ళుగా ఎవరి పంతానికి భయపడి తాము తిండీ నిద్రా మానుకున్నారో, ఎవరికోసం పెరట్లో దొంగలా కూర్చుని కాయ కోశాడో, ఆ మనిషి నిమిషం కింద జరిగింది కూడా దగ్గర ఉంచుకోలేడు. ఉత్తచెయ్యి పెట్టి అయిపోయిందంటే చాలు. రేపు ఇంకెవరు ఏది చెప్పినా ఇట్లాగే నమ్ముతాడు. ఒక కాయ తప్పించి కొడుకును కాపాడుకున్నాననుకున్నాడు రత్నసభాపతి. కాపాడాల్సిన దెబ్బలన్నీ ఎప్పుడో తగిలిపోయాయి, తాను పక్కన నిలబడి ఈలలు వేస్తుండగా. ఆయన గుడిముందే, అందరి ఎదుటా, భోరుమని ఏడ్చాడు. పూజారికి అమ్మవారు పూనిందనుకుని డప్పులవాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు.

పొన్నమ్మాళ్ కళ్ళొత్తుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏల ఏడ్చేది? వేండుదల తీరె గదా. ఇంక తల్లి చూసుకుంటుంది. వాడు సరి అవుతాడు, చూడండి."

ఆయన కొడుకు కోసం చూశాడు. అవతల మామిడిచెట్టు నీడలో నవనీ ఇందుజను భుజాలమీద ఎక్కించుకుని, గుడివైపు మెడ నిక్కించి చూస్తున్నాడు.

"ఉండు పాపా, వరస కొంచెం తగ్గనీ" అంటున్నాడు. "నాయిన పోయి టెంకాయ కొట్టించుకుని వస్తాను. నానమ్మ నాకోసరం వేండినాది."